మూత పెట్టే ముందు

మా ఆశ్రమ పాఠశాల ఆఫీసు గదిలో ఒక గాజు తొట్టి ఉండేది. విశాఖ నుంచి ఎవరో దాత పంపారు. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, రంగు గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క. మొదటి వారం పిల్లలు కిటికీ దగ్గర గుమిగూడేవారు. తర్వాత దాన్ని పట్టించుకున్నవాడు ఒక్కడే, ఆరో తరగతి కుర్రాడు. తొలకరి వానలప్పుడు వరిమడి గట్టు దగ్గర పట్టిన మట్టగిడసను స్టీలు గ్లాసులో తెచ్చి, నన్ను అడక్కుండానే అందులో వదిలాడు.

మర్నాడు పొద్దున్నకి అది నేలమీద ఉంది. కమాటి కేకేస్తే వెళ్ళాను. చచ్చిపోయిందనుకున్నాం. తడిచేత్తో ఎత్తి నీళ్ళలో వేస్తే మళ్ళీ ఈదింది. రెండు రోజులకు మళ్ళీ దూకింది. మూడోసారి బీరువా కిందకి పాకిపోయింది. ఇక లాభం లేదని తొట్టి అంచుదాకా నీళ్ళు నింపి, మీద దళసరి అట్ట పెట్టి, అట్ట లేవకుండా హాజరుపట్టీ పెట్టాను. చేతికి అందిన బరువు అదే.

మధ్యాహ్నం కుర్రాడు వచ్చి చూశాడు. "సార్, అది ఊపిరాడక సచ్చిపోద్ది."

"నీళ్ళలో ఉన్న చేపకి ఊపిరాడకపోవడమేమిట్రా?"

"మట్టగిడస పైకొచ్చి గాలి తీసుకుంటాది సార్. మీరు అంచుదాకా పోసేసి మూసేశారు. గాలేది మరి?"

సైన్సు చెప్పేది నేను. కొర్రమీను, మట్టగిడస ఒకే కుటుంబం. మొప్పలతోపాటు వాటి తలలో, మొప్పలకు పైన, గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. అందుకే సంతలో బేసినులో కాసిని నీళ్ళున్నా బతికే ఉంటాయి. తడినేల మీద పాకి ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పోగలవు. కానీ పైకొచ్చి గాలి పీల్చనివ్వకపోతే అవి నీళ్ళలోనే మునిగి చస్తాయి. ఇదంతా నేను చదివిందే. అట్ట పెట్టేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. అప్పుడు నాకు కావలసింది చేప బతకడం కాదు, ఆఫీసు గది నేల శుభ్రంగా ఉండటం. ఆ రెండూ ఒకటేనని నాకు నేనే చెప్పుకున్నాను.

చేప ఊరికే దూకదు. తొట్టి చిన్నదైతే దూకుతుంది. తినగా మిగిలిన మేత, పెంట కుళ్ళి నీటిలో అమ్మోనియా పెరిగితే మొప్పలు మండి దూకుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉన్నా, నీటిలో ఆక్సిజన్ తగ్గినా, పెద్ద చేప తరిమినా, దాక్కోవడానికి రాయో ఆకో లేకపోయినా దూకుతుంది. వీటికి మందు మూత కాదు. వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చాలి, మేత తగ్గించాలి, దాక్కునే చోటు ఇవ్వాలి. ఇవన్నీ చేశాక కూడా దూకే చేపలున్నాయి. కొత్తనీరు వస్తే ఎదురెక్కడం వాటి పుట్టుక. అలాంటి చేపను ఉంచుకోవాలంటే మూత తప్పదు. నీటిమట్టం నాలుగు వేళ్ళు తగ్గించి, గాలాడే వల మూత పెట్టాలి.

అసలు ఉంచుకోవడమే తప్పని, గెడ్డలో వదిలెయ్యమని అనేవాళ్ళున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. మట్టగిడసకు అది సరిపోతుంది, దాని ఊరు అదే గనక. గోల్డ్‌ఫిష్ సంగతి వేరు. వెయ్యేళ్ళ కిందట చైనాలో మనుషులు పెంచి, రంగు చూసి ఏరి ఏరి తయారుచేసిన చేప అది. మన గెడ్డలో వదిలితే చస్తుంది, లేదా బతికి అక్కడి చిన్నచేపల తిండికి అడ్డొస్తుంది. వదిలెయ్యడం అన్నిసార్లూ దయ కాదు. ఒక్కోసారి అది చేతులు దులుపుకోవడమే.

హుకుంపేట మండలంలోని మత్స్యగుండం మనలో చాలామంది చూసిందే. అక్కడి చేపల్ని దేవుడి చేపలంటారు, ఎవరూ పట్టరు. శివరాత్రి జాతరకు వెళ్ళినవాళ్ళు తినేవి వేసి దండం పెట్టుకుంటారు. గుండానికి గాజుగోడ లేదు. పోవాలంటే దారి తెరిచే ఉంది. అయినా వెళ్ళిన ప్రతిసారీ చేపలు కనిపిస్తూనే ఉన్నాయి. ఈ మాట తరగతిలో గొప్పగా చెప్తే కుర్రాడు ఒప్పుకోలేదు. "వానలకి అవి కూడా ఎదురెక్కుతాయి సార్. మళ్ళీ వస్తాయి." వాడు చూసి చెప్పాడో ఊహించి చెప్పాడో అడగలేదు. మాట మాత్రం వదల్లేదు నన్ను.

ఎందుకంటే వాడు కూడా అప్పటికి మూడుసార్లు హాస్టల్ నుంచి పారిపోయాడు.

మన పిల్లల్ని చేపలతో పోల్చడం నాకు ఇష్టం లేదు. అరకు వచ్చేవాళ్ళు మనల్ని ఇప్పటికే గాజు వెనక ఉన్నవాళ్ళలా చూసి, ఫోటో తీసుకుని పోతున్నారు. మనం కూడా ఆ పని చెయ్యక్కర్లేదు. చేపను అడగలేం గనక దాని నీళ్ళు చూసి ఊహించాలి. పిల్లవాణ్ణి అడగొచ్చు. మూడుసార్లూ నేనే బండి మీద వాళ్ళ ఊరికి వెళ్ళి తీసుకొచ్చాను. మూడుసార్లూ తల్లితో మాట్లాడాను, వార్డెన్‌తో మాట్లాడాను, పట్టీలో పేరు కొట్టెయ్యకుండా కాపాడాను. వాణ్ణి మాత్రం "ఎందుకెళ్ళావు?" అని తిట్టడానికే అడిగాను, తెలుసుకోవడానికి అడగలేదు. నిజానికి నేనూ ఆరో తరగతిలో హాస్టల్ గోడ దూకినవాణ్ణే. మా నాన్న చెవి పట్టుకుని తిరిగి అప్పజెప్పాడు. ఆయన చేసింది తప్పని ఇప్పటికీ అనలేను, ఆ చదువే నాకు ఈ ఉద్యోగమిచ్చింది. అందుకే మూత పూర్తిగా తీసెయ్యాలని రాయలేకపోతున్నాను.

ఈసారి అడిగాను. రాత్రి పడుకునే గదిలో కువి మాట్లాడేవాడు ఒక్కడూ లేడన్నాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళు ఆదివాసీ ఒడియాలోనో తెలుగులోనో మాట్లాడుకుంటారు. నవ్వినప్పుడు తనను చూసే నవ్వారనుకుంటాడు. ఇంతే కారణం. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. మన రాష్ట్రంలో 2004లోనే కువి, సవర, కొండ, కోయ వంటి ఎనిమిది భాషల్లో బడి పుస్తకాలతో పని మొదలైంది. ఆ పుస్తకాలు కింది తరగతులకు. ఆరో తరగతిలో రాత్రి తొమ్మిదింటికి దీపం ఆర్పాక పిల్లవాడు ఏ భాషలో మాట్లాడుకోవాలో ఏ సెక్షన్ చూస్తుంది? అది మనమే చూడాలి. తొమ్మిదో తరగతిలో కువి మాట్లాడే పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళ గదిలోకి వీడి పెట్టె మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు నాకు ఏడాదిగా దొరకలేదు.

మట్టగిడసను వాడే తీసుకెళ్ళి మడికాలవలో వదిలాడు. గోల్డ్‌ఫిష్‌లు తొట్టిలోనే ఉన్నాయి. నీళ్ళు మార్చే పని ఎనిమిదో తరగతి వాళ్ళది. హాజరుపట్టీ బల్ల సొరుగులోకి పోయింది.

చైత్రంలో ఇటుకల పండుగ ముందురోజు, శుక్రవారం సాయంత్రం, వాడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, పండక్కి ఊరెళ్తన్నాను. సోమారం వచ్చేస్తాను." అనుమతి అడుగుతున్నాడో, కబురు చెబుతున్నాడో నాకు అర్థం కాలేదు. వెళ్ళమన్నాను. బండి తియ్యలేదు. సోమవారం రాలేదు. మంగళవారం రెండుసార్లు గేటు దాకా వెళ్ళి చూశాను. బుధవారం మధ్యాహ్నం, చొక్కా జేబులో కాల్చిన మాంసం ముక్క కాగితంలో చుట్టుకుని, వాడంతట వాడే నడిచి వచ్చాడు. ముక్క నాకే తెచ్చాడట. తిన్నాను. పట్టీలో ఆ రెండు రోజుల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.