చంపాలనుకోలేదు, మరి శీలం తప్పినట్టా?

పాణాతిపాతా వేరమణి అని రోజూ చెప్పుకుంటాం. కత్తి పట్టి చంపేవాడి విషయంలో అనుమానమేమీ లేదు. కానీ మన పిల్లలు ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు, సేఫ్టీ ఆఫీసర్లు అయ్యారు. వాళ్ళ ముందున్న ప్రశ్న వేరు. బుద్ధుడు చేతననే, అంటే సంకల్పాన్నే కర్మ అన్నాడు కదా. ఎవరినీ చంపాలనుకోని మేనేజరు నిర్ణయం వల్ల మనుషులు పోతే, అతను మొదటి శీలం తప్పినట్టా, కాదా?

విశాఖ సంగతి చూద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. ఊరు నిద్రలో ఉంది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ నిల్వ ఉంటే తనంతట తానే గట్టిపడుతూ వేడెక్కుతుంది. అందుకని దాన్ని చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా ఆపే మందు కలపాలి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం తేల్చింది? ఆ మందు సరిపడా లేదు. చల్లబరిచే యంత్రాన్ని ఇరవైనాలుగు గంటలూ నడపలేదు. వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగునే ఉంది, పైన లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటుంది, సైరన్ మాత్రం మోగలేదు.

1984 డిసెంబరు భోపాల్‌లోనూ ఇంతే. సున్నా డిగ్రీల దగ్గర ఉంచాల్సిన మిథైల్ ఐసోసయనేటు ట్యాంకుకు చల్లదనమిచ్చే యంత్రాన్ని యూనియన్ కార్బైడ్ కొన్ని నెలల ముందే ఆపేసింది.

ఇది ఉంటే అది పుడుతుంది, ఇది ఆగితే అది ఆగుతుంది. ప్రతీత్యసముత్పాదమంటే ఇదే. కమిటీ రిపోర్టు చేసిన పనీ అదే, కారణాలు వెతకడం. మనవాళ్ళలో మాత్రం చావింట్లో "రాసిపెట్టి ఉంది", "పూర్వజన్మ కర్మ" అనే మాట ఇంకా పోలేదు. కంపెనీకి ఇంతకన్నా చవకైన లాయరు దొరకడు! పేదవాడి కష్టాన్ని గతజన్మ ఖాతాలో రాసే ఈ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు – అతని ధమ్మం'లో ఒప్పుకోలేదు.

ఇక చేతన మాట. చంపాలనే చేతన లేదు, నిజమే. యంత్రం ఆపుదామనే చేతన ఉంది. మందు స్టాకు లేకపోయినా ఇవాళ్టికి పర్వాలేదులే అనుకోవడమూ చేతనే. ధమ్మంలో దీని పేరు పమాదం. అయిదో శీలం మద్యాన్ని వద్దనేది కూడా అది పమాదానికి తావిస్తుందనే. తాగొచ్చినవాణ్ణి క్రేను ఎక్కనివ్వం, ఖర్చు తగ్గించే మత్తులో ఉన్నవాడికి ప్లాంటు మొత్తం అప్పగిస్తాం. అతను హంతకుడితో సమానమని నేననను. తెలుసుకోవాల్సిన కుర్చీలో కూర్చుని తెలుసుకోకపోవడం అమాయకత్వమని కూడా అనను. లోభం, మోహం రెండూ అకుశల మూలాలే.

ప్రమాదం అందరికీ సమానంగా రాదు, అది మనకు వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకు కడగడానికి దిగేది కాంట్రాక్టు మనిషి. అతని కులం ఏమిటో చాలాచోట్ల అడగకుండానే చెప్పొచ్చు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు 1943లో ధన్‌బాద్ వెళ్ళి బొగ్గుగనిలోకి దిగి చూశారు. ఆఫీసులో ఫైలు చూసి ఊరుకోలేదు.

మన పిల్లలకు ముందు ఎదురయ్యేది మాత్రం నాలుగో శీలం. చూడని వాల్వు చూసినట్టు, నడవని యంత్రం నడిచినట్టు చెక్‌లిస్టులో టిక్కు పెడితే అది ముసావాదం. "సంతకం పెట్టు, ఆడిట్ వస్తోంది" అని పైవాడు అంటాడు. ఉద్యోగం పోతుందనే భయం నిజమైనదే, ఇంటి ఈఎంఐ కూడా నిజమే. ఒంటరిగా ఎదురు చెప్పమనడం తేలిక. అందుకే భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కును కార్మికులకిచ్చారు. సేఫ్టీ కమిటీలో వాళ్ళకు చోటిచ్చారు. ఫ్యాక్టరీలో ఏ విషముందో చుట్టుపక్కల జనానికి చెప్పాలన్నారు. యూనియన్‌లో, సేఫ్టీ కమిటీలో మన ఉపాసకులు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, ఆ టిక్కు పెట్టనని చెప్పే గొంతు ఒక్కటే అవ్వదు.