మెరుపు దాగి ఉందా, పుడుతుందా?
ఇప్పటి చాలా కార్ల పెయింటుకు మెరుపునిచ్చేది రంగు కాదు, దాని మీది పారదర్శకమైన క్లియర్ కోటు. కంపెనీ నుంచి వచ్చిన కారుకు ఈ పొర సాధారణంగా 40 నుంచి 60 మైక్రాన్లు, అంటే సుమారు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. సన్నగీతలు, పెయింటర్లు ఆరెంజ్ పీల్ అనే ఎగుడుదిగుడు ఇందులోనివే. వాటర్ పేపరుతో రుద్ది, బఫింగ్ చేసి వాటిని పోగొడతారు. అప్పుడు కనిపించే మెరుపు ముందే ఉండి మరుగున పడిందా, రుద్దడం వల్ల పుట్టిందా? మోక్షం గురించి అద్వైతం ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇదే.

బ్రహ్మసూత్రాల్లో నాలుగోదైన సమన్వయ సూత్రానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు ఒక ఆక్షేపణను ఎత్తుకున్నారు. మోక్షం ఆత్మ స్వభావమే, కాని మరుగున పడింది. అద్దాన్ని రుద్దితే మెరుపు బయటపడినట్టు, కర్మతో శుద్ధి చేస్తే అదీ వెల్లడవుతుందని ప్రతివాది వాదన. వినడానికి ఇది అద్వైతి మాటలాగే ఉంటుంది. శంకరులు మాత్రం ఒప్పుకోలేదు. క్రియ దేని మీద జరిగితే దాన్ని మార్చక మానదు. ఆత్మ మీద క్రియ జరిగితే ఆత్మ మారుతుంది. మారేది నిత్యం కాదు.

ఈ తర్కం ఎంత గట్టిదో పెయింటు షెడ్డులో తెలుస్తుంది. నానబెట్టిన 2000 నంబరు పేపరును రబ్బరు బ్లాకుకు చుట్టి, సబ్బునీళ్లు చల్లుతూ రుద్దితే తెల్లటి నీళ్లు కారతాయి. ఆ తెలుపు మురికి కాదు, క్లియర్ కోటే. మెరుపు రాకపోగా ప్యానెల్ మసకబారుతుంది. 3000తో గీతలను ఇంకా సన్నం చేసి, కాంపౌండు, ఆపైన పాలిష్ పెట్టి బఫ్ చేస్తే మిగిలిన గీతలు కంటికి ఆనవు. పడిన వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది. అడుగున దాగినదేదీ బయటికి రాలేదు. పైభాగం మారింది, పొర తరిగింది. అంచుల్లో, బాడీ లైన్ల మీద పొర మరీ పలచన కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు అక్కడ టేపు అంటించి వదిలేయాలి. గోరుకు తగిలేంత లోతు గీత జోలికి పోకపోవడమే మేలు. కారే నీళ్లలో కారు రంగు దిగిందంటే క్లియర్ కోటు అయిపోయినట్టే. మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

అలాగని కర్మ వ్యర్థమని శంకరులు అనలేదు. దాని ఫలం చిత్తశుద్ధి, అది మనసుకు చెందినది. మనసు మారే వస్తువే గనక రుద్దుడుకు అభ్యంతరం లేదు. ఆత్మ విషయంలో పోవలసింది అజ్ఞానం. దాన్ని పోగొట్టేది జ్ఞానమే.

జ్ఞానం కూడా మనసు చేసే క్రియే కదా? దీనికి జవాబు ఆ భాష్యంలోనే ఉంది. క్రియ చేసేవాడి చేతిలో ఉంటుంది: చేయవచ్చు, మానవచ్చు, మరోలా చేయవచ్చు. జ్ఞానం వస్తువును బట్టి కలుగుతుంది. 1500తో మొదలుపెట్టాలా, 2000తోనా అన్నది పనివాడి ఇష్టం. కళ్లెదుట ఉన్న ప్యానెల్ ఎర్రగా కనబడటం అతని ఇష్టాన్ని బట్టి ఉండదు.