దయకు గొలుసు లేదు

వేసవిలో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల వాగులు ఎండి ఇసుక బాటలగును. అట్టి బాటను ఒక గృహస్థుడు తన కుక్కను గొలుసుతో నడిపించుచున్నాడనుకొనుడు. మానవునివలె కుక్కకు దేహమంతట చెమట పట్టదు; నాలుక సాచి రొప్పుటయే దానికి చల్లదనము. అది యెరిగి ఆతడు ప్రొద్దుపొడువక మున్నే బయలుదేరును; నీటిసీసా వెంట గొనిపోవును. ఇది మెచ్చదగినదే. కాని మరలివచ్చుసరికి ఎండ ముదిరి, చెట్టునీడను రొప్పుచున్న వీధికుక్క ఆ సీసావంక చూడగా ఆతడు రాయి విసరినచో, తన కుక్కకు పోసిన నీరు దయయా? మమకారమా?

శైవమున జీవుడు పశువు, బంధము పాశము, శివుడు పతి. 'నాది' యను పాశము, గొలుసు రెండవ కొనను పట్టిన వానినే కట్టివేయును. దయ లేని ధర్మమును బసవేశ్వరుడు అంగీకరింపలేదు. సకలప్రాణులును ఆ దయకు పాత్రములే యని బోధించెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కుక్క వేదము చదివిన కథ కలదు. పుట్టుకనుబట్టి ఏ ప్రాణియు హీనము కాదనుటకు అంతకు మించిన సాక్ష్యమేల?

ఇష్టలింగమును నిలిపి పూజించు చేతితోనే, ఒక మట్టిమూకుడున నీరు నింపి వాకిట నుంచుడు. దాసోహము గడప దాటినప్పుడే పూజ పూర్ణమగును.