యంత్రము ఊడ్చిన యింట శ్రావకుని బాధ్యత

ఇల్లు ఊడ్చుట గృహస్థునకు నిత్యకృత్యము. ఊడ్చునపుడు చీమయో, చిన్న పురుగో నశించుటయు నిత్యమే. శాస్త్రకారులు దీనిని ఆరంభజ హింస యనిరి. గృహస్థుడు దానిని పూర్తిగా వదలలేడు, తగ్గించుకొనగలడు. చీపురు చేతిలో నున్నప్పుడు కన్ను చూచును, చేయి ఆగును. 2002లో అమెరికాలో రూంబా వెలువడిన తరువాత, తమంతట తామే తిరిగి ఊడ్చు రోబో వాక్యూమ్‌లు క్రమముగా ఇండ్లలోనికి వచ్చినవి. మోకాళ్ల నొప్పులతో వంగలేని పెద్దలకు అవి యెంతో ఊరట. అయితే ఊడ్చు చేయి లేనప్పుడు ఆ హింస యెవరిది?

యంత్రమునకు గోడ తెలియును, మెట్టు అంచు తెలియును. చీమల బారులోని ప్రాణము తెలియదు. జీవము లేనిదానికి కర్మబంధము లేదు. కనుక ఆ లెక్క యజమానిదే. చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడింటిని జైనధర్మము విడదీయలేదు. గుమాస్తా వ్రాసిన చిట్టాకు షావుకారు జవాబు చెప్పవలసినట్లే యిది.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు, అని నిర్ణయించెను. పోషధవ్రతమునకు ఆయన చెప్పిన అయిదు అతిచారములలో మొదటి మూడు చూడక, తుడువక చేయు పనులు, కడపటిది మఱపు. యంత్రము ఇంటికి తెచ్చు దోషము ఈ మఱపే. మీట నొక్కి అంగడికి పోయినవాడు ఇంట జరుగుదానిని తలపడు.

కనుక యంత్రమును శుభ్రపరచుట దాని మన్నిక కొఱకు మాత్రమే కాదు. శ్వేతాంబర సాధువులు తమ ఉపకరణములను దినమునకు రెండుమార్లు పరికించు ప్రతిలేఖనమునకు ఇది గృహస్థుని పాలిటి చిన్న రూపము. యంత్రమును పంపుటకు ముందు నేలను పగటివెలుగున చూడవలెను. చీమలున్న గదికి ఆ పూట పంపరాదు. దీపము చుట్టు పురుగులు చేరు రాత్రివేళ తిరుగునట్లు ముందే సమయము పెట్టి ఉంచరాదు. పని ముగియగానే దుమ్ముపెట్టెను నీడలో, కాగితముపై మెల్లగా విప్పవలెను. ప్రాణముతో నున్నది కనబడినచో మెత్తని కుంచెతో సురక్షితమైన చోటికి చేర్చవలెను. పెట్టె రోజుల తరబడి నిండియున్నచో అందలి పిండికి, మెతుకులకు క్రొత్త పురుగులు చేరును. పనిమనిషిచేత కుప్పతొట్టిలో దులిపించినను లెక్క మారదు.

వారమున కొకసారి కుంచెకు, చక్రములకు చుట్టుకొనిన వెండ్రుకలను కత్తిరించి తీయవలెను. మెట్లను పసికట్టు అడుగు కన్నులను పొడిగుడ్డతో తుడువవలెను. వడపోతను దులుపవలెను, కడుగదగిన రకమైనచో వడగట్టిన నీట కడిగి, ఒక దినమంతయు ఆరనిచ్చి బిగించవలెను. తడి మిగిలినచో బూజు పట్టును. బూజు అనంతజీవుల నిలయమని యెఱిగినవారు ఈ పనిలో తొందరపడరు.

ఇంత శ్రమకంటె చీపురే మేలని కొందరందురు. వంగగలవారికి ఆ మాట నిజమే. కాని పరుగుమీద ఊడ్చు చీపురును అహింసను పాటింపదు. భేదము పనిముట్టులో లేదు, చూపులో నున్నది. శ్రమను యంత్రమున కప్పగింపవచ్చును, చూపు నప్పగింపరాదు. చూచుటకు తీరిక లేని దినమున యంత్రమును కదపక, ఇంటిని ఆ ఒక్కనాటికి దుమ్ముతో నుంచుటయే శ్రావకునకు తగినది.