జనాన్ని లెక్కపెట్టడం పాపమా?

2024 డిసెంబరు 8 రాత్రి కెనడాలోని వాంకూవర్‌లో గాయని టేలర్ స్విఫ్ట్ ‘ఎరాస్ టూర్’ ముగిసింది. 2023 మార్చిలో మొదలుపెట్టి 21 దేశాల్లో 149 కచేరీలు చేసింది. ముగిసీ ముగియగానే ఆమె కంపెనీ న్యూయార్క్ టైమ్స్ పత్రికకు రెండు అంకెలు అందజేసింది. టికెట్ల రాబడి 207 కోట్ల 76 లక్షల 18 వేల 725 డాలర్లు. హాజరైన జనం 1,01,68,008. డాలర్ల సంగతి అలా ఉంచితే, జనం లెక్క చివర నిలబడ్డ ఆ ఎనిమిది మందిని చూస్తే ముచ్చటేస్తుంది. కుంభమేళాకు వచ్చినవాళ్లను కోట్లలో చెబుతారు, ఎన్నికల సభకు వచ్చినవాళ్లను లక్షల్లో చెబుతారు. ఎనిమిది మంది దాకా విడమరిచి చెప్పాలంటే మాత్రం గేటు దగ్గర టికెట్ ఉండాలి.

ఇలాంటి అంకెల పిచ్చి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. సినిమా విడుదలైన మర్నాటికే గ్రాస్ ఎంత, షేర్ ఎంత అని తెలియాలి. ఒకప్పుడైతే ఎన్ని సెంటర్లలో వంద రోజులు ఆడిందో వేళ్ల మీద చెప్పేవాళ్లు. కలెక్షన్ల పోస్టర్ చూసి అవతలి హీరో అభిమానులు పెదవి విరవడమూ మామూలే. అమెరికా కచేరీ వ్యాపారంలో ఆ పోస్టర్ పని బాక్స్‌స్కోర్ పట్టికలు చేస్తాయి. ఎన్ని షోలు, స్టేడియంలో ఎన్ని సీట్లు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎంత వచ్చింది అన్నది ప్రమోటర్లే పోల్‌స్టార్, బిల్‌బోర్డ్ పత్రికలకు పంపుతారు. అమ్మినవాడే చెప్పే లెక్క కాబట్టి కాస్త అనుమానంతోనే చదవాలన్నది ఆ వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే. స్విఫ్ట్ బృందం ఆ లెక్క కూడా పంపలేదు. 2023 చివర్లో పోల్‌స్టార్ తనకు తాను అంచనా వేసుకుని, 60 కచేరీలకు 43.5 లక్షల టికెట్లు, 104 కోట్ల డాలర్లు అని రాసింది. ఒక టూర్ వంద కోట్ల డాలర్లు దాటడం అదే మొదటిసారి. అసలు మొత్తం అన్నీ అయిపోయాక ఒకేసారి బయటికొచ్చింది.

అభిమానం కొత్త మతం అయిపోయిందని, స్టేడియమే గుడి, పాటలే మంత్రాలు అని రాయడం చాలా తేలిక. ఆ పోలికను ఇప్పటికే అరగదీశారు. మతం నిజంగా తలబద్దలు కొట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. ఒకచోట చేరిన జనాన్ని లెక్కపెట్టవచ్చా? పెడితే ఆ లెక్క ఎవరిది?

బైబిలు పాత నిబంధనలో దావీదు రాజు చేసిన పాపాల్లో ఒకటి జనాభా లెక్క. సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో ఆయన సేనాపతి యోవాబును పిలిచి దేశంలో యుద్ధానికి పనికొచ్చేవాళ్లందరినీ లెక్కించమంటాడు. రక్తం చూసి జంకని యోవాబు కూడా ఆ మాటకు జంకుతాడు. ఇదెందుకు ప్రభూ అంటాడు. రాజు వినడు. తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి లెక్క తెస్తారు: ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు. వెంటనే దేశంలో తెగులు పుట్టి 70 వేల మంది చనిపోతారు. ఇదే కథను దినవృత్తాంతములు మొదటి గ్రంథం చెప్పేటప్పుడు అంకెలు మారిపోతాయి. అక్కడ ఇశ్రాయేలు 11 లక్షలు, యూదా 4 లక్షల 70 వేలు. లెక్కపెట్టడమే తప్పని చెప్పే కథలో లెక్కే కుదరకపోవడం చదివేవాళ్లకు కాస్త నవ్వు తెప్పిస్తుంది.

దావీదు తప్పు ఏమిటన్న దానిపై వ్యాఖ్యాతలు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఎక్కువ మంది చెప్పేది ఇది: జనం దేవుడివాళ్లు, రాజు వాళ్లను తన బలంగా చూసుకున్నాడు. ఈ భయం యూదుల్లో ఇంకా బతికే ఉంది. సామూహిక ప్రార్థనకు పది మంది చేరారో లేదో చూడాలంటే ఒకటి, రెండు అనకుండా, పది మాటలున్న వాక్యం తీసుకుని మనిషికో మాట చొప్పున చెప్పుకునే అలవాటుంది. మన కళ్లాల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టడంలోనూ ఇలాంటి బెరుకే ఏదో ఉంది.

అయితే అదే బైబిలు లెక్కకు దారి కూడా చూపించింది. నిర్గమకాండం 30వ అధ్యాయం ప్రకారం జనాన్ని ఎంచేటప్పుడు ఇరవై ఏళ్లు దాటిన ప్రతివాడూ అర తులం వెండి ఇవ్వాలి. ఇస్తే తెగులు రాదు. ధనవంతుడు అంతకు మించి ఇవ్వకూడదు, బీదవాడు తగ్గించకూడదు. వచ్చిన వెండి గుడారపు సేవకు వాడాలి. అంటే మనుషులను లెక్కించరు, నాణేలను లెక్కిస్తారు. ఆ సొమ్ము ఎటు పోతుందో ఇచ్చినవాడికి తెలుసు. ఒకరకంగా ప్రపంచంలో తొలి టికెట్ అదేనేమో. స్టేడియం గేటు దగ్గర జరిగేదీ ఇదే, కానీ అందరికీ ఒకే ధర, సొమ్ము ఎటు పోతుందో తెలియడం అన్న రెండు షరతులు సడలిపోయాయి.

క్రీ.శ. 60ల నాటి మరో లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. యెరూషలేము అంటే నీరో చక్రవర్తికి చులకన. ఆ ఊరి సత్తా ఆయనకు తెలియజేయాలని సిరియా గవర్నర్ సెస్టియస్ గాలస్, పస్కా పండుగకు వచ్చిన జనాన్ని లెక్కించమని యాజకులను అడిగాడట. వాళ్లు మనుషుల జోలికి పోకుండా కోసిన గొర్రెపిల్లలను లెక్కపెట్టారు. రెండున్నర లక్షలకు పైగా తేలాయి. ఒక్కో గొర్రెపిల్ల చుట్టూ కనీసం పది మంది కూర్చుంటారు కాబట్టి 27 లక్షల జనం అని చరిత్రకారుడు జోసిఫస్ రాశాడు. ఇప్పటి పండితులెవరూ నమ్మని అంకె అది. పైవాడికి చూపించడానికి కట్టిన లెక్క ఎప్పుడైనా కాస్త ఉబ్బే ఉంటుంది.

ఇక ధర సంగతి. ఎరాస్ టూర్‌కు అమెరికాలో మామూలు టికెట్ల ధర 49 నుంచి 449 డాలర్ల వరకు పెట్టారు. గిరాకీని బట్టి గంటగంటకూ ధర పెంచే పద్ధతి వద్దనుకున్నారు. 2022 నవంబరు 15న ముందస్తు అమ్మకం మొదలైంది. అంతకుముందే 35 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఆ ఒక్క రోజే 20 లక్షలకు పైగా టికెట్లు పోయాయి, సర్వర్లు కుప్పకూలాయి, అందరికీ తెరవాల్సిన అమ్మకాన్ని రద్దు చేశారు. రెండు నెలలకు అమెరికా సెనేట్ కమిటీ దీని మీద విచారణ కూడా పెట్టింది. ఇక చేతులు మారిన టికెట్లు వేల డాలర్లు పలికాయి. 207 కోట్ల లెక్కలో ఆ సొమ్ము లేదు. అర తులం నియమాన్ని గేటు లోపల ఎంతోకొంత నిలబెట్టినా, గేటు బయట బజారు తన పని తాను చేసుకుపోయింది.

మిగతావాళ్లు ఆపాటి మొహమాటం కూడా పడలేదు. 2024 ఆగస్టు 31న ఒయాసిస్ బృందం టికెట్ల కోసం గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డ బ్రిటన్ అభిమానులకు, 148 పౌండ్లని విన్న టికెట్ 355 పౌండ్లై ఎదురొచ్చింది. 2022లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ టికెట్లు కొన్ని 5 వేల డాలర్ల దరిదాపులకు వెళ్లాయి. కూలీల, మిల్లు కార్మికుల పాటలు పాడి పేరు తెచ్చుకున్న గాయకుడాయన. 1980 నుంచి ఆయన కోసమే నడిచిన అభిమానుల పత్రిక ‘బ్యాక్‌స్ట్రీట్స్’ ఈ ధరలతో మనసు విరిగి 2023లో మూతపడింది. నాలుగు దశాబ్దాల భక్తుడు గుడి మెట్లు దిగిపోవడం అంటే ఇదే.

సీట్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ అయినప్పుడు పంచడానికి క్యూ, చీటీ, ధర తప్ప వేరే దారి లేదు. తిరుమలకు వెళ్లొచ్చిన వాళ్లెవరికైనా ఈ మూడూ తెలుసు. ఉచిత సర్వదర్శనానికి కంపార్ట్‌మెంట్లలో ఎదురుచూపులు, ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం, శ్రీవాణి ట్రస్టుకు 10 వేలు సమర్పించుకుంటే బ్రేక్ దర్శనం. దర్శనం చేసుకున్నవారెందరో, తలనీలాలు ఇచ్చినవారెందరో, హుండీ ఎంతో దేవస్థానం రోజూ ప్రకటిస్తుంది, పత్రికలు రోజూ వేస్తాయి. క్యూ, చీటీ, ధరల్లో అర తులం స్ఫూర్తికి దగ్గరగా ఉండేది చీటీ. డిప్‌లో పేరు వచ్చినవాడు ‘స్వామి పిలిచాడు’ అంటాడు. అలా అనగలిగేది అక్కడ డబ్బుకు, పలుకుబడికి చోటు లేదని నమ్మినప్పుడే. స్విఫ్ట్ వ్యాపార బృందం 2017లో దీన్ని చెడగొట్టే ప్రయోగం ఒకటి చేసింది. ఆల్బమ్ కొన్నా, టీషర్టు కొన్నా, వీడియో చూసినా టికెట్ క్యూలో ముందుకు జరిగే ఏర్పాటు అది. పుణ్యాన్ని పాయింట్లలో కొలిచారని అభిమానులే విసుక్కున్నారు.

టికెట్ పట్టుకోలేనివి ఎన్నో ఉన్నాయి. 2023 జులైలో సియాటిల్‌లో రెండు రాత్రులు జనం గెంతిన గెంతులకు స్టేడియం దగ్గరున్న భూకంప నమోదు యంత్రం 2.3 తీవ్రత గల కంపనంతో సమానమైన కదలికను పట్టుకుంది. ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లో మతం పుట్టుక గురించి రాస్తూ, మనుషులు దగ్గరగా చేరినప్పుడు ఒకరి నుంచి ఒకరికి పాకే ఉద్వేగమే దైవానుభవానికి మూలమన్నాడు. ఆయన వాదం పూర్తిగా నిలవకపోవచ్చు. కానీ ఆ యంత్రం గీసిన గీతలో ఎవరి గెంతు ఎవరిదో విడదీయలేం. గేటు దగ్గరి స్కానర్ చేసే పనికి అది సరిగ్గా తలకిందులు.

2024 జులై చివర మ్యూనిక్‌లో ఒలింపిక్ స్టేడియం పక్కనున్న గుట్ట మీద వేలాది మంది దుప్పట్లు పరుచుకుని కూర్చుని కచేరీ మొత్తం విన్నారు. రెండో ప్రపంచయుద్ధపు శిథిలాలు పోసి కట్టిన గుట్ట అది. వేదిక మీది నుంచి స్విఫ్ట్ వాళ్లను పలకరించింది కూడా. కోటి పైచిలుకు లెక్కలో వాళ్లు లేరు. మరుసటి నెల వియన్నాలో ఉగ్రదాడి కుట్ర బయటపడి మూడు కచేరీలు రద్దయ్యాయి. దాదాపు రెండు లక్షల మంది టికెట్ కొన్నవాళ్లు డబ్బు వెనక్కి తీసుకున్నారు. చాలామంది ఊరు విడిచి వెళ్లలేదు. స్విఫ్ట్ పాట పేరును గుర్తుచేసే కొర్నేలియస్‌గాసె వీధిలో చేరి పాటలు పాడుకున్నారు, పూసల గాజులు మార్చుకున్నారు, మిగిలినవి చెట్టుకు కట్టారు. వాళ్లూ లెక్కలో లేరు. టికెట్ లేని చోట అంకె ఎలా ఉంటుందో చూడాలంటే రియోలోని కోపకబానా తీరానికి వెళ్లాలి. 2024 మేలో అక్కడ మడోన్నా ఉచిత కచేరీకి 16 లక్షల మంది వచ్చారన్నారు. ఏడాది తిరిగేసరికి లేడీ గాగాకు 21 లక్షలన్నారు. ఇసుకలో నిలబడ్డ జనాన్ని అంతకంటే వివరంగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇంతమాత్రాన లెక్కే దండగ అనుకోవాల్సిన పనిలేదు. బైబిల్లోని తప్పిపోయిన గొర్రె ఉపమానంలో కాపరి వందలో ఒకటి తగ్గిందని గుర్తుపట్టాడంటే సాయంత్రం లెక్క చూసుకున్నాడనే అర్థం. దావీదు లెక్కకూ కాపరి లెక్కకూ అంకెల్లో తేడా లేదు, లెక్కించేవాడి అవసరంలో ఉంది.

2023 నవంబరు 17న రియో డి జనీరోలో స్విఫ్ట్ కచేరీ నాడు ఉక్కపోతతో కలిపి ఒంటికి తగిలిన వేడి 59 డిగ్రీలకు చేరింది. నిల్టన్ సాంటోస్ స్టేడియంలోకి బయటి నీళ్ల సీసాలు రానివ్వలేదని వచ్చినవాళ్లు మొత్తుకున్నారు. కచేరీ మొదలైన కాసేపటికి ఇరవై మూడేళ్ల యువతి ఒకామె కుప్పకూలింది, ఆసుపత్రిలో చనిపోయింది. మర్నాటి కచేరీ వాయిదా పడింది. బ్రెజిల్ న్యాయశాఖ మంత్రి ఫ్లావియో డినో అప్పటికప్పుడు ఆదేశాలిచ్చారు: కచేరీలకు వచ్చేవాళ్లు నీళ్ల సీసా తెచ్చుకోవచ్చు, ఎండలు మండే రోజుల్లో నిర్వాహకులు ఉచితంగా నీళ్లివ్వాలి. ఎన్ని టికెట్లు అమ్మారో, ఆ రోజు ఎంత ఎండ కాస్తుందో నిర్వాహకులకు ముందే తెలుసు. ఎంతమందికి ఎన్ని నీళ్లు కావాలో గుణించడానికి ఆ రెండూ చాలు. ఆ గుణకారం చేయించడానికి ప్రభుత్వం కలగజేసుకోవాల్సి వచ్చింది. మరుసటి వారం, 24 నుంచి 26 వరకు సావో పౌలోలో జరిగిన మూడు కచేరీలు ఈ నిబంధనల కిందే నడిచాయి.