నిక్షేపధర్మం: సముద్రచరిత్ర పరిరక్షణలో తృప్తి స్వరూపం

ప్రస్తావన

కొత్తగూడెం ప్రాంతంలో ‘నిక్షేపం’ అనగానే స్ఫురించేది బొగ్గు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గు ఉనికిని గుర్తించిన నాటి నుండి ఈ నేల బతుకు ఆ మాట చుట్టూ అల్లుకొన్నది. ధర్మశాస్త్రంలో ఈ మాటకు వేరొక అర్థం ఉంది. ఒకరు నమ్మకంతో మరొకరి వద్ద ఉంచిన సొత్తు నిక్షేపం. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో ఇది రెండవది. మొదటి నిక్షేపం తవ్వి వాడుకోవలసినది. రెండవది వాడుకోకుండా కాపాడవలసినది. వాడుకోవడంలోని తృప్తికి వివరణ అక్కరలేదు. కాపాడటంలోని తృప్తి ఎటువంటిది? సముద్రచరిత్రను భద్రపరిచే ప్రదర్శనశాలల పనిని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మోటుపల్లి అభయశాసనం

సముద్రానికి దూరంగా ఓరుగల్లులో ఉండి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని విడిచి, నిర్ణీతమైన సుంకం మాత్రం తీసుకొని మిగిలినది వర్తకులకే వదిలాడు. వర్తకాభివృద్ధి కోరే రాజనీతి ఇందులో ఉన్న మాట నిజమే. దానితోపాటు ఒక ధర్మసూత్రమూ ఉంది: ఒడ్డుకు చేరినంత మాత్రాన వస్తువు ఒడ్డున ఉన్నవానిది కాదు.

ప్రదర్శనశాలకు చేరిన వస్తువూ కాలం ఒడ్డుకు చేర్చిన సరుకే. దానిని తన కాలపు గొప్పకో, తన వాదానికో వాడుకొనే అవకాశం సంరక్షకునికి ఎప్పుడూ ఉంటుంది. ఆ అవకాశాన్ని వదులుకోవడమే అతని వృత్తిధర్మానికి మొదటి మెట్టు.

కుర్సురా: ఫలంలేని శ్రమ

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి ఇందుకు సమీపోదాహరణ. సోవియట్ దేశంలో నిర్మితమై 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించిన ఈ నౌక 2002లో ప్రదర్శనశాల అయింది. సుమారు 91 మీటర్ల ఆ ఉక్కు దేహంలో సందర్శకులకు దారి చూపుతూ వివరించేవారిలో నౌకాదళ విశ్రాంత ఉద్యోగులున్నారు. ఇటువంటి చోట వివరించేవారి తృప్తిని గతస్మృతుల తీపిగా భావించవచ్చు. కాని ఏనాడూ సముద్రంలోకి వెళ్లనివారు కూడా ఈ పని చేస్తారు. ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పడుతూనే ఉంటుంది. గీకి రంగు వేసిన చోట మళ్లీ తుప్పు తేలుతుంది. ముగింపు లేని పనిలో కృతకృత్యత ఉండదు. అయినా తృప్తి ఉంటుంది.

ఈ వైరుధ్యానికి సమాధానం యాజ్ఞవల్క్యస్మృతిలో దొరుకుతుంది. అప్పగించిన సొత్తు దైవం వల్లనో, రాజు వల్లనో, దొంగల వల్లనో పోతే కాపాడినవాడు బాధ్యుడు కాడు. తన ఇష్టంతో అనుభవిస్తే మాత్రం దండ్యుడు. అంటే ధర్మం ఫలితాన్ని కాదు, నిజాయితీని కొలుస్తున్నది. చివరకు సముద్రమే గెలిచినా సంరక్షకుడు ఓడినట్లు కాదు. ఇక్కడ ఒక భేదం గమనించాలి. సాధారణ నిక్షేపంలో అడిగేవాడు ఎదురుగా ఉంటాడు. ప్రదర్శనశాలలో అప్పగించినవారు గతించారు, అందుకోవలసినవారు ఇంకా పుట్టలేదు. లెక్క అడిగేవారు లేని చోట లెక్క తప్పకపోవడమే ఈ తృప్తికి మూలం.

రెండు ఆక్షేపాలు

యుద్ధనౌకను భద్రపరచడం యుద్ధాన్ని కీర్తించడం కాదా అన్నది మొదటి ఆక్షేపం. నౌకను విజయచిహ్నంగా మాత్రమే చూపితే ఆక్షేపం నిలుస్తుంది. ఇరుకు పడకలను, గాలి చొరని గదులను, అక్కడ నెలల తరబడి గడిపిన మనుషుల భయాన్ని కూడా చూపితే నిలవదు. రెండవది మరింత బలమైనది. తృప్తి పేరు చెప్పి చాలీచాలని జీతాన్ని సమర్థించే ప్రమాదముంది. తృప్తి పనిచేసేవాని అంతరంగ సంపద. యజమాని దానిని జీతంలో భాగంగా లెక్కకట్టడం పరుల నిక్షేపాన్ని అనుభవించడంతో సమానం.

ముగింపు

ఈ విచారణ కొత్తగూడేనికి పరాయిది కాదు. జలాంతర్గామిలోనూ గనిలోనూ మనిషి వెలుగుకు దూరంగా, తోటివారి జాగ్రత్త మీద ఆధారపడి బతికాడు. బొగ్గు అయిపోయిన గని మూతపడుతుంది. దీపం, తట్ట, టబ్బు మూలకు చేరతాయి. బాయిపని మాటలు ఒక తరంతో వెళ్లిపోతాయి. వాటిని అద్దాల బీరువాలో అలంకారంగా పెట్టడం సులభం. కార్మికుని శ్రమతో, ప్రమాదంతో, మాటతో సహా తరువాతి తరానికి అప్పగించడం కష్టం. మొదటి నిక్షేపంతో బతికిన ప్రాంతానికి రెండవ నిక్షేపం పట్ల బాధ్యత ఉంది. కార్మికుల పదజాలాన్ని, అనుభవకథనాలను వారి నోటనే సేకరించి, వారి పేరనే భద్రపరచడం ద్వారా తెలుగు శాఖలు ఆ బాధ్యతలో తమ వంతు స్వీకరించవచ్చు.