ముడుపు కట్టిన ఆశ

నయం కాని జబ్బని తెలిశాక మనిషిలో ఆశ రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి హామీని పట్టుకుని నిలిచేది: మందు పనిచేస్తుంది, మొక్కు ఫలిస్తుంది, పెద్ద డాక్టరు ఏదో ఒకటి చేస్తాడు. రెండోది పనిని పట్టుకుని నిలిచేది: ఉన్న రోజుల్లో ఫలానాది చక్కబెట్టాలి. మొదటిది విరిగిన చోటే చాలామందిలో రెండోది మొలుస్తుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మొదటి రకం ఆశను కళ్లారా చూడవచ్చు. పసుపులో తడిపి ఆరబెట్టిన గుడ్డముక్కలో రూపాయి బిళ్ల పెట్టి, మనిషి కోలుకుంటే కొండకు నడిచి వచ్చి తలనీలాలు ఇస్తామని మొక్కుకుని, ముడుపు కట్టి దేవుడి పటం ముందు ఉంచుతారు. క్యాన్సర్ వచ్చిన ఇంట్లో ఈ మొక్కు ఒక్కోసారి గుండె పిండేలా తలకిందులవుతుంది. స్వామికి ఇస్తామన్న జుట్టు కీమోథెరపీ మొదలైన రెండు మూడు వారాలకే దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. ఇవ్వాలనుకున్నది చేతిలో లేకుండా పోయాక, ఇక ఇవ్వగలిగింది ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబులు చాలా మామూలుగా ఉంటాయి. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని తమ్ముడికి కబురు పెట్టడం, నోటు రాయకుండా తీసుకున్న చేబదులు సంగతి భార్యకు చెప్పి తీర్చమనడం, అన్యాయంగా కసురుకున్న కోడల్ని దగ్గర కూర్చోబెట్టుకోవడం. బేరంగా మొదలైన మొక్కు ఇక్కడ బాకీ తీర్చుకోవడంగా మారుతుంది. నైతికమైన మార్పు అనదగినది ఇదే.

హామీ విరగడమంటే ఏమిటో ఈ ప్రాంతపు బిడ్డ ఒకరి జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. 1905లో తల్లి సంజీవమ్మ పోయాక తమ్ముడు నిత్యానందే ఆయనకు తోడూ నీడా. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు కృష్ణమూర్తిలో రాబోయే జగద్గురువును చూశారు. అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండు తీసుకెళ్లారు. అక్కడ లా చదివిన నిత్యకు క్షయ పట్టుకుంది. పొడిగాలి మేలు చేస్తుందని 1922లో ఇద్దరూ కాలిఫోర్నియాలోని ఓహై లోయకు చేరారు. అన్న చేయవలసిన కార్యానికి తమ్ముడు అవసరం, కాబట్టి అతనికి ప్రాణభయం లేదని ఆ సమాజం వారు నమ్మే అదృశ్య గురువుల పేరిట వచ్చిన మాటను కృష్ణమూర్తి గట్టిగా నమ్మారు. ఆ ధీమాతోనే 1925 నవంబరులో నిత్యను ఓహైలో ఉంచి ఇండియా ఓడెక్కారు. 13న నిత్య కన్నుమూశారు. అప్పటికి 27 ఏళ్లు. తంతి ఓడకే అందింది. మెలకువలో మాట్లాడలేనంతగా మరిచిపోయిన తెలుగులో, రాత్రిళ్లు నిద్రలో ఏడుస్తూ తమ్ముణ్ణి పిలిచేవారని అదే కేబిన్‌లో ప్రయాణించిన బి.శివరావు తర్వాతి రోజుల్లో చెప్పారు.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, తనను గురువుగా నిలబెట్టిన నక్షత్ర సంఘాన్ని ఆయనే రద్దు చేశారు. సంఘానికి వచ్చిన ఆస్తులు ఇచ్చినవారికి తిరిగి వెళ్లాయి. తమ్ముడి మరణమే దీనికి కారణమనడం తేలిక, కానీ మధ్యలో నాలుగేళ్లున్నాయి. శోకం ఒక్క రాత్రిలో మనిషిని మార్చదు. నమ్మకూడని హామీని తాను నమ్మినట్టే, తన పేరు మీద ఇతరులు కూడా నమ్ముతున్నారన్న ఎరుక మెల్లగా ముదిరి ఉండాలి. తనకు జరిగిన మోసాన్ని ఇంకొకరికి జరగనివ్వకపోవడం చిన్న సంగతి కాదు.

నిత్య ఓహైలో పొడిగాలి కోసం చూస్తున్న కాలానికే మదనపల్లె పక్కన క్షయ రోగుల కోసం శానిటోరియం ఉంది. 1912లో స్థాపితమైన ఆ సంస్థకు డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ ప్రాణం పోశారు. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. అంతవరకూ విశ్రాంతి, గాలి, మంచి తిండి, కొందరికి జబ్బుపడిన ఊపిరితిత్తిని గాలితో నొక్కి పనిమాన్పించడం, ఇంతే వైద్యం. నెలల తరబడి మంచం మీద పడుకున్నవారికి డాక్టర్లు గట్టి మాట ఇవ్వగలిగిన స్థితి లేదు. ఇవ్వగలిగింది పక్కన ఉండటం. తర్వాత మందులొచ్చాయి, 1948లో దేశంలో బీసీజీ టీకాలు మదనపల్లెలోనే మొదలయ్యాయి. అప్పటి మరణవ్యాధి ఇవాళ నెలల చికిత్సతో తగ్గేదైంది. పని మీద నిలిచిన ఆశ ఒక్కోసారి తరాల తర్వాత పండుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని క్షమించు, మారు, ప్రశాంతంగా ఉండు అనడం క్రూరత్వం. ముందు నొప్పి తగ్గాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో మన ఆసుపత్రుల్లో నొప్పి తగ్గించే మార్ఫిన్ దాదాపు కనుమరుగైంది. 2014 సవరణతో దారి కొంత సుగమమైంది. 2022లో అలిపిరి దగ్గర తితిదే, టాటా ట్రస్టుల చేయూతతో క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకున్నాక ఈ ప్రాంతం వారికి చెన్నై, వేలూరు ప్రయాణాల బాధ కొంత తప్పింది. నొప్పి తగ్గి రాత్రి నిద్రపట్టిన రోగికే తెల్లారి మాటల్లేని తమ్ముడు గుర్తొస్తాడు.

మనిషి దక్కకపోయినా చాలా ఇళ్లలో ఆ ముడుపును విప్పరు, పారేయరు. చావు జరిగిన ఇంటివారు ఏడాదిపాటు కొండ ఎక్కరు గనుక అది పటం ముందే ఉంటుంది, పసుపు వెలిసిపోతుంది. సంవత్సరీకం అయ్యాక కొడుకో కూతురో దాన్ని తీసుకుని కొండకు వెళ్లి, అడిగింది జరగలేదన్న మాట ఎత్తకుండా, హుండీలో వేసి వస్తారు.